ప్రయోగము – ఉపసంహారము

ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని రైలు దిగి ద్వారకాతిరుమల చేరిన యాత్రికుడు, చిన్న వెంకన్న సన్నిధిని చేతులు జోడించి శంఖచక్రధారియైన శ్రీమహావిష్ణువును ధ్యానించును. చక్రము ఆయుధమే, అయినను భక్తునకు దానివలన భయము లేదు. పని ముగియగానే మరల స్వామి హస్తమునకే చేరు ఆయుధమది. విడిచినవాని వశమునందుండు ఆయుధము లోకమునకు రక్ష. వశము తప్పినది లోకమునకు శిక్ష. ఈ భేదమును మనస్సునందుంచుకొని నేటి అణ్వస్త్రములను గూర్చి విచారింపవలెను.

తాడేపల్లిగూడెమునందు రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములకై వేసిన దారి నేటికిని కలదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినవి. ఆ యుద్ధమే చివరకు 1945 ఆగస్టు 6న హిరోషిమాను, 9న నాగసాకిని ఒక్కొక్క బాంబుతో దగ్ధము చేసి ముగిసెను. భారతదేశము 1974 మే 18న పోఖరాన్‌లో తొలి అణుపరీక్ష జరిపెను. 1998 మే 11, 13 తేదీలలో మరల జరుపగా, ఆ నెల 28, 30 తేదీలలో పాకిస్థాన్ బలూచిస్థానమున తన పరీక్షలు జరిపెను. ఇరుగుపొరుగుల ఇరువుర చేతను ఇట్లు అణ్వస్త్రములు నిలిచినవి.

వీనిని వాడుటకు గాక, ఎదుటివాడు వాడకుండుటకే ఉంచుకొంటిమని ఉభయులును చెప్పుదురు. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రజారక్షణము రాజధర్మము. శత్రువు చేత అస్త్రముండగా తన ప్రజలను వట్టిచేతులతో నిలిపిన రాజు ధర్మాత్ముడనిపించుకొనడు. కాని ఈ బెదిరింపు ఎవరిపై? నగరములపై, అనగా తొట్టెలలోని శిశువులపై, పొయ్యి ముందు కూర్చున్న తల్లులపై. చేయరాని పనిని చేసెదమని బెదిరించుట ధర్మమగునా?

మహాభారతమున సౌప్తికపర్వము ఈ ప్రశ్నను తాకినది. నిద్రించుచున్న ఉపపాండవులను చంపి గంగాతీరమున వ్యాసుని చెంత నున్న అశ్వత్థామ, పాండవులు వెంటాడి రాగా బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను. మనుష్యులపై దానిని ప్రయోగింపరాదని ద్రోణుడు ముందే కుమారుని హెచ్చరించియుండెను. శ్రీకృష్ణుని ఆనతిపై అర్జునుడును అదే అస్త్రమును ఎత్తెను. అయితే అతడు ముందుగా గురుపుత్రునకు, పిమ్మట తనకును సోదరులకును శుభము కోరి, అస్త్రముచే అస్త్రము శాంతించుగాక యని విడిచెను. నారదవ్యాసులు రెండు జ్వాలల నడుమ నిలిచిరి. మహర్షుల మాట మన్నించి అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామ ఉపసంహరింపలేకపోయెను, అందులకు వలసిన నిగ్రహము అతనికి లేదు. ఆ అస్త్రము ఉత్తర గర్భమునకు తగిలెను. యుద్ధమన నేమో యెఱుగని శిశువు దానికి గురియయ్యెను. శ్రీకృష్ణుడు బ్రదికించినందున పరీక్షిత్తు నిలిచెను.

ఇరువురును అస్త్రము కలవారే. వారి భేదము ఉపసంహారమునందు కలదు. అయితే నేటి అణ్వస్త్రము వేఱొక అణ్వస్త్రమును శాంతింపజేయలేదు. వేఱొక నగరమును కాల్చగలదు, అంతే. విడిచిన పిదప వెనుకకు తీయు మంత్రము నేడు ఎవరికిని లేదు. కావున నేటి ఉపసంహారము ప్రయోగమునకు ముందే జరుగవలెను. ముందుగా జరుగు ఆ ఉపసంహారమునకే సంధి యని పేరు.

సంధి లేనిచో ఏమగునో కొల్లేటి రైతునకు తెలియును. తమ్మిలేరు, బుడమేరు నీరు తెచ్చి కొల్లేట కలుపును; ఆ నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు. వరదనాడు ఒకడు తన గట్టు ఎత్తు చేసికొనినచో నీరు పొరుగువాని చేనిపై పడును. అతడును గట్టు పెంచును. గట్లు రెండును పెరిగినవి. నీరు మాత్రము తగ్గలేదు. గట్టు తెగిననాడు మునుపటికంటె పెద్ద నష్టము. ఇరువురును కలసి ఉప్పుటేటి దారిలోని అడ్డు తీసిననాడే నీరు తీయును.

ఇరుదేశముల నడుమ అట్టి అడ్డు కొంత తీసిన ప్రయత్నములు లేకపోలేదు. ఒకరి అణుకేంద్రములపై మఱియొకరు దాడి చేయరాదను ఒప్పందముపై 1988 డిసెంబరు 31న సంతకములైనవి. తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1992 జనవరి 1న ఆ కేంద్రముల పట్టికలు తొలిసారి చేతులు మారినవి. 1999 నాటి కార్గిల్ యుద్ధముగాని, 2008 నాటి ముంబై దాడిగాని ఆ ఏటేటి వాడుకను ఆపలేదు. క్షిపణి పరీక్షలను ముందుగా తెలుపుకొనుటకు 2005లో మఱియొక ఒప్పందము కుదిరెను. అణ్వస్త్రమును తాము ముందుగా ప్రయోగింపబోమని భారతదేశము 2003 జనవరి 4న తన విధానమున ప్రకటించెను. పాకిస్థాన్ అట్టి మాట ఇయ్యలేదు. 2025 మే నెలలో చెలరేగిన పోరు 10వ తేదీన ఆగినదియు ఇరువైపుల సేనాధికారులు ఫోనులో మాటాడుకొనిన పిదపనే.

వీనివలన ఒక్క అస్త్రమైనను తగ్గలేదుగదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. అయినను మాటకు దారి మిగిలియున్నంతవఱకు ఉపసంహారమునకు దారి మిగిలియున్నట్లే. అణ్వస్త్రధారణము మహా అయిన ఆపద్ధర్మము. ఆపద తీరు దారిని వెదకుచునే ఆచరించునది ఆపద్ధర్మము. వెదకుట మానిననాడు అదియే అధర్మము. వెదకుచున్నను, నిరపరాధులను గుఱి చేసిన దోషము కొంత మిగులును. ఆ దోషము మనకున్నదని యెఱిగిన జాతియే సంధికి యత్నించును.

ఇది పాలకుల పని మాత్రమే కాదు. వార్తలు విని, ఒక్క బాంబు వేసిన పీడ వదలునని ఇంటింట అనుకొనుట కలదు. ఆ మాట అశ్వత్థామది. అస్త్రమెత్తిన చేతితోనే ఎదుటివానికి ముందుగా శుభము కోరిన మాట అర్జునునిది. ఏ మాట విని పెరిగిన బిడ్డలు రేపు పాలకులగుదురో ఆ మాటయే లోకమును నిలుపును, లేదా కాల్చును. చక్రధారికి మ్రొక్కు ప్రతి గృహస్థుడును సరిహద్దున కావలనున్న పసిబిడ్డకు కూడ ఆయురారోగ్యములు కోరి మ్రొక్కుగాక!