కూరేశుల కన్నులు

ప్రసంగము ముగిసి జనులు లేచిపోవుచుండగా ఎవరో ఒకరు వెనుక నిలిచి, నలుగురిలో అడుగలేని ప్రశ్నను మెల్లగా అడుగుట కలదు. చాలకాలము క్రిందట ఒక తల్లి నన్నట్లే అడిగినది. ప్రతి శనివారము ఉపవాసముండెడిదట. ఏటేట కొండకు నడచి వచ్చి తలనీలములు సమర్పించెడివారట. అయినను చేతికందివచ్చిన కుమారుడు దక్కలేదు. "స్వామికి నేనేమి తక్కువ చేసితినండీ?" అని అడిగినది. నేను పూర్వజన్మకర్మమును గూర్చి ఏమేమో చెప్పితిని. ఆమె విని, నమస్కరించి వెడలిపోయినది. నా సమాధానము శాస్త్రవిరుద్ధము కాకపోవచ్చును గాని, అది ఆమెకు చెప్పవలసిన మాట కాదని నాకు నేటికిని తోచుచుండును. ఆనాడు కూరేశుల కథ చెప్పియుండవలసినది.

కూరత్తాళ్వానులనియు, శ్రీవత్సాంకమిశ్రులనియు ప్రసిద్ధులైన ఈ మహనీయులు భగవద్రామానుజుల ప్రధానశిష్యులు. దేవాలయములలోను, మన యిండ్లలోను దివ్యప్రబంధపారాయణకు ముందు మనమనుసంధించు గురుపరంపరాతనియను, రామానుజుల తనియను వీరు రచించినవే. కాంచీనగర సమీపమునగల కూరమను గ్రామము వీరి జన్మస్థలము. గొప్ప సంపన్నులు. ఆ సంపదనంతయు విడిచి, భార్యయగు ఆండాళమ్మతో కాలినడకను శ్రీరంగమునకు బయలుదేరిరి. దారిలో అడవి వచ్చెను. ఆ యిల్లాలు "ఇచట భయమేమైన కలదా?" అని అడుగగా, చేత ధనమున్నవారికి గదా భయమని ఆయన అనిరి. భర్త భోజనమునకై ఆమె ఒక బంగారుగిన్నెను మూటలో దాచి తెచ్చినదట. దానిని ఆయన పొదలలోనికి విసరివైచి, ఇక భయము లేదు, నడువుమనిరి.

ఈ కథను మనము ముచ్చటగా చెప్పుకొందుము. కాని కూరేశుల బలము ఇందు తెలియునని నేననుకొనను. తానై విడిచినది త్యాగము. అట్టిదానికి మనస్సు ముందే సిద్ధపడియుండును. అడుగకుండ, చెప్పకుండ చేతిలోనిది పెరికికొనిపోబడినప్పటి సంగతి వేరు.

అట్టి దినమును వచ్చినది. గురుపరంపరాగ్రంథములు చెప్పు వృత్తాంతమిది. శివుని మించిన దైవము లేదని వ్రాసి సంతకము చేయవలసినదిగా చోళరాజు రామానుజులకు ఆజ్ఞ పంపెను. గురువునకు కీడు మూడునని గ్రహించిన కూరేశులు తాము కాషాయములు ధరించి, త్రిదండమును చేతబట్టి, రామానుజులవలె రాజసభకు వెడలిరి. రామానుజులు తెల్లని వస్త్రములతో పడమటి దిక్కుగా పయనమై మేలుకోట ప్రాంతమును చేరిరి. కూరేశులు సంతకమునకు నిరాకరించిరి. దాని ఫలముగా కన్నులు పోయినవి. వెంట వెళ్లిన వృద్ధాచార్యులు మహాపూర్ణులకును అదే గతి పట్టినది. ఆయన ఆ బాధను తాళలేక మార్గమధ్యముననే, కూరేశుల ఒడిలో తలయుంచి పరమపదించిరి. (ఈ కథను శైవవైష్ణవ ద్వేషమునకు వాడుకొనువారున్నారు. అది కూరేశులకే అపచారమని ముందు తెలియగలదు.)

ఆ కన్నులెట్టివో తలచుకొనుడు. బోధాయనవృత్తిని చదివి మనస్సున నిలుపుకొని, శ్రీభాష్యరచనలో రామానుజులకు తోడ్పడిన కన్నులవి. గురువు చెప్పుచుండగా శ్రీభాష్యమును వ్రాసిన కన్నులవి. పండితునకు అంతకుమించిన నష్టము వేరొకటి కలదా?

అంధులై తిరిగి వచ్చిన కూరేశులను శ్రీరంగాలయ ద్వారమున కాపరి ఆపెను. రామానుజ సంబంధము గలవారిని లోనికి విడువరాదని ఆజ్ఞయట. మరియొక కాపరి, ఈయన అందరికిని మిత్రుడు, ఈయనకు అడ్డు లేదనెను. దానికి కూరేశులు రెండడుగులు వెనుకకు వేసిరి. ఆచార్యసంబంధమును విడిచి, తన మంచితనమును జూపి పొందు స్వామిదర్శనము తనకు వలదని మరలిపోయిరి. కన్నులు పోయినవి, గురువు దూరమాయెను, గుడివాకిలియు మూసికొన్నది.

పిమ్మట ఆయన తిరుమాలిరుంజోలై చేరి సుందరబాహుస్తవమును రచించిరి. పేరే సుందరబాహువు! చూపులేని భక్తుడు స్వామి సౌందర్యమును ఆపాదమస్తకము వర్ణించెను. ఆ కొండను, ఆ తోపులను వర్ణించెను. తుదిని ఆయన కోరినది కన్నులు కాదు. శ్రీరంగము మునుపటివలె కావలెను, అచట మరల రామానుజుల అధీనమున మెలగవలెను, అంతే.

12 సంవత్సరముల పిమ్మట రామానుజులు తిరిగివచ్చిరి. శిష్యుని చూచి, కౌగిలించుకొని, తన నిమిత్తమున గదా ఇట్లైనదని కన్నీరు కార్చిరి. ప్రపత్తిని లోకమునకు బోధించిన ఆచార్యులే ఏడ్చినప్పుడు, దుఃఖించుట విశ్వాసలోపమని ఎవరనగలరు? అప్పుడు కూరేశులు, ఎప్పుడో ఒక వైష్ణవుని తిరుమణి వంకరగా నున్నదని తలచియుందును, దాని ఫలమే ఇది యనిరట. ఇచట మనము జాగ్రత్తగా నుండవలెను. తన బాధకు తన తప్పును వెదకికొనుట ఆయన వినయము. పరుల బాధకు వారి తప్పును మనము వెదకుట క్రౌర్యము. ఆ తల్లికి నేను చేసినది ఈ రెండవదే.

రామానుజులు ఊరకుండలేక, కాంచీవరదుని స్తుతించి చూపును వేడుకొమ్మని ఆజ్ఞాపించిరి. కూరేశులు వరదరాజస్తవమును విన్నవించిరి. స్వామి ప్రసన్నుడై ఏమి కావలెనని అడిగెనట. చోళుని సభలో తమ పేరు చెప్పి ఇంతటికి కారణమైనవాడు నాలూరాన్. కూరేశుల శిష్యుడే. తాము పొందు గతిని అతడును పొందవలెనని కూరేశులు కోరిరి! ఈ వార్త విని రామానుజులు ముందు చిన్నబోయిరట. తాము పంపినది కన్నులకొరకు గదా.

నేను ఈ ఘట్టమును ఎన్నిమారులు చదివినను అచటనే ఆగుదును. విశ్వాసము కూరేశుల నష్టమును ఆపలేదు. కాని ఆ నష్టము ఆయన హృదయములో విషముగా మారకుండ కాపాడినది. అంధకారములో కూర్చుండియు మరియొకని మేలును అడుగగలిగిరి.

చివరకు కూరేశులు శ్రీరంగనాథుని సన్నిధిలో పరమపదమును యాచించి పొందిరి. నన్ను విడిచి ముందుగా పోదువాయని రామానుజులు అడిగిరి. ఆచార్యులు అచటికి వేంచేయునప్పుడు శిష్యుడు ఎదురేగి స్వాగతము పలుకవలెను గదా, తాను వెనుక వచ్చినచో ఆ క్రమము తప్పునని కూరేశులు మనవి చేసిరి. రామానుజులు దానికి మారు పలుకలేదు. దగ్గరకు తీసికొని, చెవిలో ద్వయమంత్రమును అనుసంధించి, సెలవిచ్చిరి. వేలాది శిష్యులకు ధైర్యము చెప్పిన యతిరాజులు ఆనాడు అందరి యెదుటను కన్నీరు పెట్టుకొనిరట.