పదకొండేళ్ల మాట

బాల్టిమోర్ స్విమ్మింగ్ క్లబ్‌లో బాబ్ బౌమన్ కోచింగ్ మొదలయ్యేనాటికి మైకేల్ ఫెల్ప్స్‌కి 11 ఏళ్లు. 15 ఏళ్లకే 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదాడు. మొత్తం 28 ఒలింపిక్ పతకాలు. 2012 ఒలింపిక్స్ తర్వాత బతకాలనిపించలేదని చెప్పిందీ అతనే.

పిల్లల క్లబ్బుల్లో లెవెల్ పెరిగేకొద్దీ ప్రాక్టీసూ పెరుగుతుంది. పై లెవెల్లో తెల్లవారుజామునా నీళ్లే, సాయంత్రమూ నీళ్లే. "ఇష్టమేనా?" అంటే పిల్లలు తలూపుతారు. అది ఒప్పుకోవడమేనా? పదకొండేళ్ల పిల్లకి నీళ్లంటే ఇష్టమని తెలుసు. పదిహేనేళ్లకి తనేం కోరుకుంటుందో ఎలా తెలుస్తుంది?

అలాగని పిల్లల నుంచి ఏమీ ఆశించకపోవడం కూడా చిన్నచూపే. అందుకే, మాట ఇవ్వమని అడిగే పెద్దవాళ్లు దాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా ఉంచాలి. పై లెవెల్‌కి ఎప్పుడు పంపిస్తారని కోచ్‌ని అందరం అడుగుతాం. కిందికి దిగొస్తానంటే పిల్లని అంతే ఆప్యాయంగా చూస్తారా అన్నది కూడా అడగాలి. ముందు మనల్ని మనం.