ఆటలో అరటిపండు

కార్తీకమాసం దగ్గరపడుతోందంటే మన గుడి సభ్యుల ఫోన్లలో రెండే విషయాలు నడుస్తాయి. వనభోజనాలకు పార్కులో షెల్టరు దొరికిందా లేదా అన్నది ఒకటి, ఆ రోజు చలి ఎంత ఉంటుందన్నది రెండోది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాక సాయంత్రం ఐదింటికే చీకటి పడే ఈ దేశంలో, ఉసిరిచెట్టు నీడన తినవలసిన భోజనాన్ని మేపుల్ చెట్టు కింద స్వెట్టర్లు వేసుకుని తింటున్నాం. ఇండియన్ స్టోరు ఫ్రీజరులో దొరికిన నాలుగు ఉసిరికాయలు బల్ల మీద పెట్టుకుని దామోదరుడికి దీపం వెలిగిస్తున్నాం, అదీ గాలి ఆరిపెయ్యకపోతే. అయినా ఆ రోజు కోసం ఎదురు చూస్తాం. భోజనాల తర్వాత ఆటలుంటాయి గనుక.

ఆటలు మొదలయ్యేసరికి పెద్దవాళ్ళ కబుర్లన్నీ చిన్నతనం వైపు మళ్ళుతాయి. ఏడు పెంకులాట, కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు, చెడుగుడు, తొక్కుడుబిళ్ళ, వామనగుంటలు... పేర్లు తలుచుకుంటేనే మొహాలు వెలుగుతాయి. ఎవరెంత బాగా ఆడేవారో, ఎవరు ఎవరిని ఓడించారో చెప్పుకుంటాం. కాని ఆ ఆటలన్నిటిలోనూ ఉన్న ఒక పదవి గురించి మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అది అరటిపండు పదవి.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల కోసం కాస్త వివరిస్తాను. పదేళ్ళవాళ్ళు ఆడుకుంటూ ఉంటారు. వాళ్ళలో ఒకడి తమ్ముడో చెల్లెలో, నాలుగైదేళ్ళ పసివాళ్ళు, మేమూ ఆడతామని ఏడుపు లంకించుకుంటారు. పొమ్మంటే ఇంట్లో అమ్మ ఊరుకోదు. నిజంగా చేర్చుకుంటే ఆట పాడవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "సరే, వీడు అరటిపండు" అని ప్రకటిస్తారు. అందరూ ఒప్పుకుంటారు. ఇక ఆ పిల్లవాడు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, అందరితోబాటు గొంతు చించుకుని అరవవచ్చు. వాణ్ణి పట్టుకున్నా వాడు దొంగ కాడు. వాడు ముట్టుకున్నా ఎవరూ ఔటు కారు. వాడు ఉన్నాడు, కాని లెక్కలో లేడు.

ఈ ఏర్పాటు మనకు పెద్దలెవరూ నేర్పలేదు. ఏ నియమావళిలోనూ లేదు. పదేళ్ళ పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చేసుకున్న ధర్మశాస్త్రం ఇది. ఈ మాటని పెద్దయ్యాక మనం తిట్టుగా మార్చుకున్నాం. ఆఫీసు మీటింగులో మన మాట ఎవరూ పట్టించుకోకపోతే "నన్ను ఆటలో అరటిపండుని చేశారు" అని ఇంటికొచ్చి వాపోతాం. చిన్నప్పుడు కరుణగా కనిపించినది పెద్దయ్యాక అవమానం ఎలా అయింది? అసలు అది కరుణేనా, లేక ఏడుపు మాన్పించడానికి ఆడిన అబద్ధమా?

నాకు మా తమ్ముడు గుర్తొస్తాడు. మా ఊరి చెరువుగట్టు పక్కనున్న మామిడితోపులో కార్తీకమాసం ఆదివారాల్లో భోజనాలు జరిగేవి. వాడు రెండేళ్ళపాటు అక్కడ మా ఆటల్లో అరటిపండుగా ఎంతో సంతోషంగా గడిపాడు. తాను అందరికంటే గొప్ప ఆటగాడినని వాడి నమ్మకం, ఎందుకంటే వాణ్ణి ఎవరూ ఎప్పుడూ ఔటు చెయ్యలేకపోయారు! మూడో ఏడు ఎవరు చెప్పారో, వాడికే తట్టిందో గాని, ఆట మధ్యలో నిలబడిపోయి "నన్నూ ఔటు చెయ్యండి" అన్నాడు. మేం నవ్వాం. వాడు నవ్వలేదు. ఔటు చేస్తేనే ఆడతానన్నాడు. చేశాం. వెళ్ళి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో ఎంత దర్జా ఉందో నేనిప్పటికీ చెప్పలేను. ఓడిపోయే హక్కు కావాలని అడిగి తీసుకున్న మనిషి దర్జా అది.

అంటే అరటిపండు పదవి చెడ్డదని కాదు. అది వసారా లాంటిది. వానలో నిలబడ్డవాణ్ణి వసారాలోకి రానివ్వడం మంచిపనే. కాని ఏళ్ళ తరబడి వసారాలోనే ఉంచి, లోపలికి రమ్మని పిలవకపోతే దాన్ని ఆతిథ్యం అనగలమా? మా తమ్ముడు లోపలికి వస్తానని అడిగిన రోజున తలుపు తీశాం. తియ్యకపోతే మాత్రం అంతకుముందు రెండేళ్ళ దయ కూడా అబద్ధమయ్యేది.

మన కబడ్డీలోనే ఈ ప్రశ్నకి మూడు రకాల జవాబులున్నాయి. సంజీవని పద్ధతిలో ఔటైనవాడు బయటికి పోతాడు, తన జట్టు ఎదుటివాడిని ఔటు చేసినప్పుడు మళ్ళీ బతికి వస్తాడు. గామిని పద్ధతిలో పోయినవాడు జట్టంతా పోయేదాకా బయటే. అమర్ పద్ధతిలో ఎవరూ బయటికి పోరు, పాయింటు మాత్రం ఎదుటి జట్టు ఖాతాలో పడుతుంది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఇచ్చి, 1990లో బీజింగు ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా మారి ప్రపంచం చూసిన కబడ్డీ ఇవాళ ఆడుతున్నది సంజీవని పద్ధతిలోనే. నా మటుకు నాకు అది సబబే అనిపిస్తుంది. ఓటమికి అర్థం ఉంది, ఓడినవాడికి తిరిగి వచ్చే దారీ ఉంది. పైగా వాడు తిరిగి వచ్చేది తన ప్రతాపం వల్ల కాదు, లోపల మిగిలినవాళ్ళు వాడి కోసం కూత పెట్టినందువల్ల.

ఇక్కడి పద్ధతులు చూద్దాం. హైస్కూలు జట్లకు ట్రయౌట్లు ఉంటాయి, జాబితాలో పేరు లేని పిల్లవాడు కారులో వెనకసీటులో మాట్లాడకుండా ఇంటికి వస్తాడు. ఈ పేజీ చదివే ఎన్నో ఇళ్ళకు ఆ ప్రయాణం తెలుసు. దీనికి విరుగుడుగా పసిపిల్లల లీగుల్లో అందరికీ ట్రోఫీలు పంచుతారు. దాన్ని మనవాళ్ళు తెగ ఎగతాళి చేస్తారు, గెలవకపోయినా బహుమతేమిటని. నాకూ ఆ ట్రోఫీల మీద పెద్ద గౌరవం లేదు. మా తమ్ముడి కథే అందుకు కారణం. "నువ్వు లెక్కలో లేవు, అయినా మాతో పరుగెత్తు" అన్న అరటిపండు నియమం కంటే "అందరూ గెలిచారు" అనే ట్రోఫీలో నిజం తక్కువ. ఆరేళ్ళ పిల్లలకి కూడా ఎవరు గోలు కొట్టారో తెలుసు.

అయితే 1964లో కాలిఫోర్నియాలో మొదలైన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ వాళ్ళ నియమం ఒకటి నాకు బాగా నచ్చింది. జట్టులో చేరిన ప్రతి పిల్లవాడూ ప్రతి ఆటలో కనీసం సగంసేపు మైదానంలో ఉండి తీరాలి. బహుమతి కోసం కాదు, ఆడటం కోసం. వాడి తప్పువల్ల గోలు పోతే పోతుంది, అది లెక్కలోకి వస్తుంది. మా తమ్ముడు అడిగింది సరిగ్గా ఇదే.

ఇక రెండో రకం సడలింపు ఒకటుంది. అది కూడా మన జ్ఞాపకాల్లోదే. క్రికెట్ బ్యాటు ఎవరిదైతే మొదటి బ్యాటింగు వాడిదే. వాడు ఔటైతే అది నోబాల్. గట్టిగా అడిగితే బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు, ఆట అయిపోయినట్టే. ప్రతి వీధిలోనూ ఇటువంటి మహానుభావుడు ఒకడుండేవాడు, ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటాం. చిత్రమేమిటంటే పైకి చూస్తే వాడికీ అరటిపండుకీ తేడా లేదు. ఇద్దరూ ఔటు కారు. ఒకడికి బలం లేదు గనుక మినహాయింపు ఇచ్చాం, మరొకడు బలం ఉంది గనుక లాక్కున్నాడు. నియమం వంగితే తప్పు అని గుడ్డిగా అనేవాళ్ళు ఈ రెంటినీ ఒకే గాటన కడతారు. ఎవరి కోసం వంగిందో చూడాలి గదా.

ఈ విషయంలో మనకు భాగవతం దశమస్కంధంలో ఒక ఘట్టం ఉంది, ప్రలంబాసురుడి కథలో. గోపబాలురు రెండు జట్లుగా చీలి ఆడుకుంటారు. ఒక జట్టు కృష్ణుడిది, ఒకటి బలరాముడిది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను వీపున మొయ్యాలని పందెం. బలరాముడి జట్టు గెలుస్తుంది. అప్పుడు కృష్ణుడు శ్రీదాముణ్ణి వీపు మీద ఎక్కించుకుని మోస్తాడు. గోపబాలుడి వేషంలో వచ్చిన రాక్షసుడు బలరాముణ్ణి ఎత్తుకుపోబోయి చచ్చిపోవడం మనందరికీ గుర్తుంటుంది. శ్రీదాముడి సవారీ మాత్రం అంతగా గుర్తుండదు. బ్యాటూ, బంతీ, మైదానమూ, ఆడేవాళ్ళూ అన్నీ తనవే అయినవాడు ఔటైతే ఔటేనని ఒప్పుకున్నాడు. వేదాంతులు సృష్టిని లీల అన్నారు, అంటే ఏ అవసరమూ లేని ఆట అని. ఆ ఆటగాడు కూడా ఆటలోకి దిగాక వీపు వంచాడు. ఇంతకంటే గొప్ప మహిమ గోవర్ధనం ఎత్తడంలో ఉందని నాకు అనిపించదు.

అదే స్కంధంలో పిల్లలు అడవిలో చల్దులు తినే సన్నివేశం ఉంది. మన వనభోజనాలకు అంతకంటే అందమైన పోలిక దొరకదు. కృష్ణుడు మధ్యలో కూర్చుంటే, తామరపువ్వు దుద్దు చుట్టూ రేకుల్లాగా పిల్లలు వలయాలుగా కూర్చుంటారు. ప్రతివాడికీ కృష్ణుడు తనవైపే చూస్తున్నట్టుంటుంది. వలయంలో మొదలూ చివరా ఉండవు. మనం వేసుకున్నవి వలయాలు కావు, పంక్తులు. పంక్తికి చివర ఉంటుంది, చివరి పంక్తి కూడా ఉంటుంది.

అందుకే "మా తోపు భోజనాలకు ఊరంతా వచ్చేది" అని ఎవరైనా అంటే "ఊరంతా" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. విస్తరాకులు కుట్టినవాళ్ళూ, కావిళ్ళతో నీళ్ళు మోసినవాళ్ళూ ఆ తోపులోనే ఉన్నారు. వాళ్ళ భోజనం అందరిదీ అయ్యాక, దూరంగా. వాళ్ళ పిల్లవాడు ఒకడు ముళ్ళకంచెలో పడ్డ బంతులు తెచ్చి ఇచ్చేవాడు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా. వాడికి బ్యాటింగు రాలేదు. వాడు అరటిపండు కూడా కాదు. అరటిపండుకి ఉత్తుత్తిగానైనా వంతు ఇచ్చేవాళ్ళం. వాడు ఈనాడు ఎక్కడైనా కూర్చుని ఆ తోపు గురించి చెబితే అది తీపి జ్ఞాపకమే అవుతుందా?

ఇది పల్లెటూరి పిల్లకాయల సంగతేలే అనుకోనక్కర్లేదు. పల్వంకర్ బాలూ అనే స్పిన్నరు 1911లో భారత జట్టుతో ఇంగ్లండు వెళ్ళి వికెట్లు పడగొట్టిన గొప్ప బౌలరు. దళిత కుటుంబంలో పుట్టాడు. పూనా హిందూ జట్టులో బంతి వెయ్యడానికి అతని చెయ్యి కావలసివచ్చింది గాని, టీ మాత్రం పెవిలియను బయట, మట్టి కప్పులో. బొంబాయి హిందూ జట్టుకి అతను కెప్టెను కానే లేదు. అతని తమ్ముడు విఠల్ 1923లో అయ్యాడు. లెక్కలో ఉండి కూడా లోపల లేకపోవడం అంటే ఇదీ. అరటిపండుకి సరిగ్గా తిరగబడ్డ స్థితి.

ఇప్పుడు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కార్తీక వనభోజనాలు కులాలవారీగా, మైకులు పెట్టి, నాయకుల్ని పిలిచి చేస్తున్నారు. ఉసిరిచెట్టు ఎవరి కులమో నాకు తెలియదు. ఆ అలవాటు సముద్రం ఈవలికి రాలేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగే ఊళ్ళు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. పిలుపు ఈమెయిలు ఎవరెవరికి వెళ్ళిందో చూస్తే తెలిసిపోతుంది.

మన సంగతికి వద్దాం. మన పార్కు షెల్టరులో అరటిపండ్లు ఎవరు? మొదటి వరసలో మన తల్లిదండ్రులే. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చినవాళ్ళని మడత కుర్చీల్లో కూర్చోబెట్టి, శాలువా కప్పి, "మీరు లేవకండి అత్తయ్యగారూ, మేం చూసుకుంటాం" అంటాం. బహుమతులు వాళ్ళ చేత ఇప్పిస్తాం. తంబోలాలో అంకెలు చదివిస్తాం. ఎంతో మర్యాద, కాని ఎవరూ వాళ్ళని ఔటు చెయ్యరు. ఆ తర్వాత, ఈ మధ్యే పెళ్ళి చేసుకుని వచ్చిన అమ్మాయిలు. ఎవరూ తెలియక, ఫోను చూసుకుంటూ బల్ల చివర నిలబడతారు. ఆ తర్వాత పులిహోర ట్రేలు ఖాళీ అయ్యేదాకా వడ్డించి, డబ్బాలు సర్దేసరికి ఆటలు ముగిసిపోయే ఆడవాళ్ళు. మన చిన్ననాటి తోపుల్లోనూ ఇంతే. మనం పరుగెత్తినంతసేపూ అమ్మలు పొయ్యి దగ్గరే ఉన్నారు. "ఆ రోజులు ఎంత బాగుండేవి" అనే మాట వాళ్ళ నోట ఎప్పుడైనా విన్నారా? నేను ఈసారి మా అమ్మని అడుగుదామనుకుంటున్నాను.

ఆటల జాబితా తయారుచేసే కుర్రాళ్ళకు నాదొక విన్నపం. మూడుకాళ్ళ పరుగూ, స్పూను మీద నిమ్మకాయా ఎటూ ఉంటాయి, ఉండనివ్వండి. వడ్డన మాత్రం ఈసారి మగవాళ్ళు చెయ్యండి. షెల్టరు పక్కన గడ్డి మీద ఒక జంపకానా పరిచి, ఐదైదు గులకరాళ్ళు ఏరి పెట్టండి. అచ్చనగిల్లలు ఆడటానికి మోకాళ్ళ నొప్పి అడ్డు కాదు, ఆ మడత కుర్చీల్లోంచి కనీసం నలుగురైనా లేచి వస్తారు. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. పెద్దావిడ రాయి ఎగరేసి, అది కిందికి వచ్చేలోపల నాలుగింటినీ గుప్పిట్లోకి ఊడ్చేస్తుంది. మన పన్నెండేళ్ళ సాకర్ వీరుడికి రెండో రాయి దగ్గరే చెయ్యి జారుతుంది. అప్పుడు ఆవిడ వాణ్ణి ఔటు అంటుందో, పోనీలే అరటిపండు అంటుందో, దగ్గర నిలబడి వినాలని ఉంది.