రోగం రాతా? చేతా?



మన వాడలో యాభై రెండేళ్ల మనిషి గుండెపోటుతో పోతాడు. పాడె పక్కన నిలబడి మనం ఏమంటాం? "పాపం, అంతే రాసిపెట్టి ఉంది" అంటాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చూపిన దారి మనది. గోడ మీద పటాలు మార్చాం. తలరాత మాట మాత్రం ఇంకా నోట్లోనే ఉంది.

ఇదే సంగతి మోలియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగాడు. మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ వెనకటి కర్మ ఫలమేనని కొందరంటున్నారు, నిజమేనా అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఎనిమిది కారణాలు చెప్పాడు. అందులో కర్మ ఒకటి మాత్రమే. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, దెబ్బలు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం మిగతావి. సంయుత్త నికాయంలో ఉన్న సంగతి ఇది.

"ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం" అన్న దగ్గర కాస్త ఆగుదాం. అది మన చేతిలో ఉన్నది.

పొద్దున టీతో ఒక బీడీ. పగలు ఉప్పు, ఊరగాయ దండిగా. సాయంత్రం ఒక క్వార్టరు. ఒక్కరోజుకి ఏం కాదు, నిజమే. ఇరవై ఏళ్లకి రక్తనాళాలు గట్టిపడతాయి, బీపీ పెరుగుతుంది, లివరు చెడుతుంది. బీపీ 140/90 దాటినా నొప్పి ఉండదు కాబట్టి మనిషి తిరుగుతూనే ఉంటాడు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నా సిగ్గుపడి చెప్పడు. అది ప్రోస్టేట్ కావచ్చు, షుగర్ కావచ్చు. చూపించుకుంటేనే తెలిసేది. "మగాడికి ఇదో జబ్బా" అని ఓర్చుకోవడం ధైర్యం కాదన్నా, ఏమరుపాటు. పాళీలో దాన్నే పమాదం అంటారు. పంచశీలలో ఐదోది మత్తును వద్దన్నది ఆ పమాదానికి అదే తావు కాబట్టి.

అలాగని జబ్బుపడిన ప్రతివాడూ తప్పు చేశాడనుకోకండి. మందు ముట్టని బాబాసాహెబ్‌కే షుగర్ వచ్చింది. రాతి దుమ్ములోనో, మురుగుకాలవలోనో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవాడు ఆ పనిని ముచ్చటపడి ఎంచుకోలేదు. దానికి కావలసింది నీతిబోధ కాదు, పోరాటం. రోగిని నిందిస్తే, పూర్వజన్మ పాపం అన్నవాళ్లకీ మనకీ తేడా ఏముంది?

మరి "నా ఒళ్లు నా ఇష్టం" అంటారా? మీరు మంచాన పడితే భార్య రెండు పూటలూ కూలికి పోతుంది. కూతురి చదువు ఆగుతుంది. ఒళ్లు మీదే, కానీ దాని అప్పు ఇంటిల్లిపాదిదీ. ఈ మాటకి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లోనే జవాబిచ్చారు. సారా దుకాణం మూయించారు. వాళ్లతో మొదలైన ఉద్యమానికి 1993లో ప్రభుత్వమే సారాని నిషేధించాల్సి వచ్చింది. తాగింది మగవాళ్లు, లెక్క కట్టింది వాళ్లు.

ఇప్పుడు మారి ఏం లాభం అనుకోకండి. కోసల రాజు పసేనది మితిమీరి తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికొచ్చాడు. బుద్ధుడు ఉపవాసాలు చెయ్యమనలేదు, మితంగా తినమన్నాడు. రాజు కొంచెం కొంచెంగా తగ్గించుకున్నాడు, ఒళ్లు తేలికపడింది. పొగ మానేసిన ఏడాదికే, పొగవల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగం తగ్గుతుందని వైద్యులు చెబుతారు.

కాబట్టి ఒక పని చేయండి. ముప్పై దాటినవాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఒక్కరే వెళ్లడానికి సిగ్గయితే, ఆదివారం విహారంలో వందన అయ్యాక నలుగురూ మాట్లాడుకుని సోమవారం కలిసి వెళ్లండి. పాడె మోయడానికి వచ్చే నలుగురూ ముందే వచ్చి ఆసుపత్రికి తోడు నడిస్తే, వాళ్లే కల్యాణమిత్రులు.

నమో బుద్ధాయ! జై భీమ్!