చుక్కలు పోయిన పేర్లు

బిడ్డా, నువ్వు ఫోన్‌లో పంపిన ముంతఖబు చూసిన. ఇనాం భూమికి వారసులెవరో విచారించి కచేరీ ఇచ్చిన కాయితం అది. వంశవృక్షం రాసుకునేటోళ్లకు అంతకన్న మంచి ఆధారం దొరకదు. అందులో మొదటి పేరు పాపయ్య అని చదివి, చెట్టు మొదట్లో రాసేసుకున్నవంట. జర ఆగు.

ఆ రాత షికస్తా. మున్షీ కలం ఎత్తకుండా రాసుకుంట పోతడు, చుక్కలు మింగేస్తడు. ఉర్దూలో బే, పే, తే, నూన్ పదం మొదట్లో వస్తే నాలుగింటికీ ఒకటే చిన్న గీత, తేడా అంతా చుక్కల్లోనే. అవి తీసేస్తే పాపయ్య, బాపయ్య, బాబయ్య, తాతయ్య, నానయ్య అందరూ ఒక్కతీరుగనే ఉంటరు. మన ఇంట్ల పాపయ్య అనే ముత్తాత ఉండేటోడని విన్నవు కాబట్టి నీ కన్ను అటు పోయింది. వెలిసిన కాయితంలో మనకు కావలసిన పేరే ముందు కనబడుతది, పైలం.

పేరు దగ్గరికి ఆఖర్న రా. ముందు ప్రతి కాయితంలో ఉండే మాటలు పట్టుకో: మౌజా (ఊరు), పర్గనా (ఊర్ల గుంపు), వల్ద్ (ఫలానా ఆయన కొడుకు), సాకిన్ (ఉండే చోటు). పర్గనాలో పే ఉన్నది, నూన్ ఉన్నది. ఈ మున్షీ చుక్కలు పెట్టే మనిషో కాదో అక్కడ్నే తెలిసిపోతది. అప్పటికీ తేలకపోతే ఐదు పేర్లూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టు. అందులో నామోషీ ఏం లేదు.

సంవత్సరం దగ్గర ఇంకా పైలంగ ఉండాలె. ఉర్దూ అంకెల్లో సున్నా అంటే ఒట్టి చుక్క. ఈగ వాలిన మచ్చ కూడా సున్నా అయి కూసుంటది. రెండుకూ మూడుకూ తేడా ఒక్క పన్ను. ఏడును తలకిందులు చేస్తే ఎనిమిది. అంకె సరిగ్గ చదివినా ఏ లెక్కనో చూడాలె. 1312 హిజ్రీ అయితే 1894-95, ఫస్లీ అయితే 1902-03. ఎనిమిదేండ్ల తేడా వస్తే కొడుకు తండ్రికన్న ముందు పుట్టినా పుడతడు! నిజాం ఆఖరి రోజుల కాయితమైతే నెల పేరు చూడు. ఆజుర్, దై, బహ్మన్ అని ఉంటే ఫస్లీయే. ఆ ఫస్లీ అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు వైపు ఫస్లీ జులైలో. రెండూ కలిపెయ్యకు.

ఇగ కాయితం సంగతి. మసితో చేసిన సిరా ఎండకు వెలవదు గని నీళ్లు తగిలితే పారుతది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు పాతబస్తీల ఎన్ని ఇండ్ల పెట్టెలు తడిసినయో! గోధుమ రంగుకు తిరిగింది చాలాసార్లు ఇనుము కలిసిన సిరా. ఏదైనా సరే తడి దూది, నిమ్మరసం, టీ డికాషన్ దగ్గరికి రానియ్యకు. చినిగిన చోట సెల్లో టేపు అంటించినవంటే నాకు నిజంగనే కోపమొస్తది. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగ పడేటట్టు ఫొటో తియ్యి. తర్వాత ఫోన్‌లో రంగులు తీసేసి, తెలుపు నలుపు తారుమారు చేసి చూడు. నా కండ్లద్దాలకన్న అది నయం.

తార్నాక ఆర్కైవ్స్‌లో నిజాం దఫ్తర్ల కాయితాలున్నయి. అదే ఊరి మీద ఇంకో మిసిల్ (ఫైలు) దొరికితే, అక్కడి మున్షీ చుక్కలు పెట్టేటోడైతే, మన అదృష్టం.

ఇంకొకటి. నీ ఫొటోలో కింది అంచు తెగిపోయింది. మన ఊర్లల్ల సాక్షులు చాలామంది ఉర్దూ రానోళ్లు, కింద మూలన తెలుగులనే సంతకం చేసేటోళ్లు. అక్కడ 'ఫలానా ఆయన కొడుకు' అని తెలుగుల ఉన్నదనుకో, ఈ చుక్కల పంచాయితే ఉండదు. ఉర్దూ చదవాలన్న హడావిడిలో అటు చూసి ఉండవు నువ్వు. నాలుగు అంచులూ వచ్చేటట్టు, వెనుక పక్క కూడా తీసి పంపు. ఫోన్ మాత్రం చెయ్యకు, నాకు వినబడదు.