లక్షణమా, సాక్ష్యమా? – క్లాసు నిర్ణయంలో తార్కిక, నైతిక సమస్య

గోత్వం జాతి, ఎదుట కనబడే ఆవు వ్యక్తి. న్యాయవైశేషికులు ఈ రెండింటి మధ్య స్పష్టమైన ఎల్ల గీశారు. పైథాన్ వంటి డైనమిక్ ప్రోగ్రామింగ్ భాషలలో ఆ ఎల్ల అంత స్థిరమైనది కాదు. ఆబ్జెక్టులను పుట్టించే మూస క్లాసు. అయితే ఆ క్లాసు కూడా ఒక ఆబ్జెక్టే. దానిని ఫంక్షనుకు అందించవచ్చు, ప్రోగ్రాము నడుస్తుండగానే కొత్తగా సృష్టించవచ్చు. అందువల్ల చేతికందిన ఆబ్జెక్టు క్లాసు అవునా, కాదా అని అప్పటికప్పుడు విచారించవలసి వస్తుంది. ఆ విచారణకు ఏది ప్రమాణమన్నదే ఇక్కడి ప్రశ్న.

ఉదయనాచార్యుడు చెప్పిన ఆరు జాతిబాధకాలలో అనవస్థ ఒకటి. జాతికి మరొక జాతిని అంగీకరిస్తే దానికి ఇంకొకటి కావాలి, ఆ వరుసకు అంతం ఉండదు. కనుక జాతికి జాతి లేదు. పైథాన్ ఈ మార్గాన్ని అనుసరించలేదు. అందులో ప్రతి క్లాసుకూ ఒక క్లాసు ఉంటుంది. సాధారణంగా అది ‘టైప్’. టైప్‌కు క్లాసు మళ్లీ టైపే. తార్కికులు దోషంగా ఎంచే ఆత్మాశ్రయంతోనే ఈ భాష అనవస్థను నిలిపివేసింది. దాని నుండి ఒక లక్షణం సిద్ధిస్తుంది: టైప్‌కు గాని, టైప్ నుండి పుట్టిన క్లాసుకు గాని చెందిన ఆబ్జెక్టు క్లాసు.

ఈ లక్షణం ఎల్లకాలం నిర్దుష్టంగా లేదు. 2001లో వచ్చిన పైథాన్ 2.2 కొత్త తరహా క్లాసులను ప్రవేశపెట్టినా పాత తరహా క్లాసులను తొలగించలేదు. పాతవి టైప్ కిందికి రావు. కనుక అవి క్లాసులై ఉండి కూడా ఈ పరీక్షలో నిలవలేదు. ఇది అవ్యాప్తి. దీనిని తప్పించడానికి పైథాన్ 2 తొలి వెర్షన్లలోని తనిఖీ ఫంక్షను, ‘బేసెస్’ అనే ధర్మం ఉన్న ప్రతి ఆబ్జెక్టునూ క్లాసుగా గ్రహించింది. ఏ ధర్మం పేరు అడిగినా ‘ఉంది’ అని బదులిచ్చేలా రాసిన ఆబ్జెక్టులు కూడా అప్పుడు క్లాసులుగా చెల్లుబాటయ్యాయి. ఇది అతివ్యాప్తి. 2008లో పైథాన్ 3 పాత తరహా క్లాసులను తొలగించడంతో మొదటి దోషం తీరింది.

అయినా సాక్ష్యం సమస్య మిగిలింది. ‘ఇజ్‌ఇన్‌స్టాన్స్’ పరీక్ష ఆబ్జెక్టు అసలు రకంతో పాటు అది తన క్లాసుగా ప్రకటించుకున్నదానిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పరీక్షల కోసం రాసే నకిలీ ఆబ్జెక్టులకు ఈ సౌలభ్యమే ఆధారం. కనుక అసత్య ప్రకటన ప్రతిచోటా దోషం కాదు. అయితే పైథాన్ 3.9, 3.10 వెర్షన్లలో ‘పూర్ణాంకాల లిస్టు’ అని సూచించే రకపు వ్యక్తీకరణ ఇదే విధంగా తాను క్లాసునని చెప్పుకొని పరీక్ష దాటేది. ఆపై అది మరొక క్లాసుకు ఉపక్లాసా అని అడిగితే కొన్ని సందర్భాలలో ప్రోగ్రాము లోపం చూపి ఆగిపోయేది. 3.11లో ఈ ప్రవర్తనను సరిచేశారు.

నైతిక ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. అనర్హమైన దానిని అంగీకరిస్తే ఆ ఫలితం పరీక్ష రాసినవారిపై పడదు. ఎక్కడో దూరాన ఆ ఆబ్జెక్టును వాడుకున్నవారిపై పడుతుంది. అర్హమైన దానిని నిరాకరిస్తే నష్టం దానిని రాసినవారిది. పిలిస్తే ఒక ఆబ్జెక్టును తయారుచేసి ఇవ్వడమే అవసరమైన చోట క్లాసు కావాలని పట్టుబడితే, అదే పని చక్కగా చేసే మామూలు ఫంక్షను అకారణంగా వెలి అవుతుంది. ఆ ఆబ్జెక్టు నుండి ఉపక్లాసును పుట్టించవలసిన చోట మాత్రం పుట్టుకను విచారించడం న్యాయమే.

కనుక ‘ఇది క్లాసేనా?’ అన్న ప్రశ్నకు ముందు ‘దీనితో చేయబోయే పని ఏమిటి?’ అన్న ప్రశ్న నిలవాలి. పని చేయగల సామర్థ్యమే కావలసిన చోట పుట్టుకను అడగడం అన్యాయం. పుట్టుకే కావలసిన చోట స్వీయ ప్రకటనతో తృప్తి చెందడం అజాగ్రత్త. వర్గీకరణ దోషానికి బాధ్యత వర్గీకరింపబడిన ఆబ్జెక్టుది కాదు, ప్రశ్నను ఎంచుకున్నవారిది.