గుప్తదానం తలకిందులైతే?



పోయిన వీడియోలో విదురుడి గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి నా ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. "అరే, డబ్బున్నోళ్లు పార్టీలకు ఫండ్స్ ఇస్తారు. పార్టీలు పవర్‌లోకొస్తాయి. తర్వాత రూల్స్ అన్నీ వాళ్లకు అనుకూలంగా మారతాయి. ఇందులో నీ విదురుడికి చోటెక్కడుందిరా?" అన్నాడు.

వాడి కోపం నాక్కూడా ఉంది. మీలో చాలామందికి ఉండే ఉంటుంది. కానీ కోపం దగ్గరే ఆగిపోతే "అందరూ దొంగలే" అనేసి స్క్రోల్ చేసుకుంటూ పోతాం. అందుకే ఈ పోస్ట్‌లో ఒక్క ప్రశ్న మాత్రం తీసుకుంటున్నాను. ఇచ్చినవాడి పేరు దాచడం ఎప్పుడు ధర్మం, ఎప్పుడు అధర్మం?

హుండీలో ఏం జరుగుతుంది?

గుప్తదానం గొప్పదని మన పెద్దలు చెబుతారు. తిరుమల హుండీనే తీసుకోండి. గుడ్డ కప్పిన కొప్పెరలో చెయ్యి పెట్టి మనం వేసేది వేసి వచ్చేస్తాం. పది రూపాయలు వేసినా, బంగారు గొలుసు వేసినా, లెక్కపెట్టేవాళ్లకు అది ఎవరిదో తెలీదు. తెలీదు కాబట్టే వాళ్లు మనకు ఏమీ బాకీ పడరు. మనకూ "నేనిచ్చాను" అని చెప్పుకునే అవకాశం ఉండదు. గుప్తదానంలో అసలు విషయం ఇదే. పుచ్చుకునేవాడికి ఇచ్చినవాడెవరో తెలియకూడదు.

మరి బాండ్లలో?

2017 బడ్జెట్‌లో ప్రకటించి 2018 జనవరిలో అమల్లోకి తెచ్చిన ఎలక్టోరల్ బాండ్లు పైకి చూస్తే గుప్తదానంలాగే ఉంటాయి. స్టేట్ బ్యాంక్‌లో వెయ్యి రూపాయల నుంచి కోటి రూపాయల దాకా విలువున్న బాండ్ కొనొచ్చు. నచ్చిన పార్టీకి ఇవ్వొచ్చు. బాండ్ మీద పేరుండదు. అంతకుముందు కంపెనీలు తమ మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదని పరిమితి ఉండేది. 2017లోనే అదీ తీసేశారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చన్నమాట.

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఏ సిస్టమ్ చూసినా నాకు మొదట వచ్చే డౌట్ ఒకటే. ఇందులో ఏ సమాచారం ఎవరికి కనిపిస్తుంది? దాతకు తెలుసు. కేవైసీ తీసుకున్న బ్యాంకుకు తెలుసు. మామూలు కంటికి కనపడకుండా, అల్ట్రావయొలెట్ లైట్ కింద మాత్రమే కనపడే నంబర్ ఒకటి బాండ్ మీద ఉందని 2018లోనే ఒక జర్నలిస్టు బయటపెట్టారు. ఇక పార్టీ సంగతి. కోట్ల రూపాయలు ఇచ్చినవాడు "మాదే సార్" అని చెవిలో చెప్పకుండా ఆపేదెవరు? చివరికి ఏమీ తెలియనిది ఓటేసే మనకే.

హుండీలో పుచ్చుకునేవాళ్లకు తెలియదు కాబట్టి ఋణం పుట్టదు. ఇక్కడ ఋణం నిక్షేపంగా పుడుతుంది, దానికి సాక్షి మాత్రం ఉండడు. గుప్తదానాన్ని తలకిందులు చేస్తే వచ్చేది ఇదే.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ఈ స్కీమ్‌ని ఏకగ్రీవంగా కొట్టేసింది. డబ్బిచ్చినవాడికి చట్టాలు చేసేవాళ్ల దగ్గర తలుపు తెరుచుకుంటుందని, ఆ చనువు విధానాల మీద ప్రభావంగా మారుతుందని, ఓటరుకు ఆ సంగతి తెలుసుకునే హక్కు ఉందని తీర్పు సారాంశం.

మార్చిలో 2019 ఏప్రిల్ నుంచి జరిగిన కొనుగోళ్ల లిస్ట్ బయటికొచ్చింది. అందరికంటే ఎక్కువ కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. ఎక్కువ అందుకున్నది బీజేపీ, 6,000 కోట్ల పైనే. కాంగ్రెస్‌కి, బీఆర్‌ఎస్‌కి వెయ్యి కోట్లు దాటాయి. వైఎస్సార్‌సీపీకి, టీడీపీకి వందల కోట్లు వచ్చాయి. ఏ పార్టీ అభిమాని అయినా పక్కోడి వైపు మాత్రమే వేలు చూపించడం కష్టం.

ఒకటి మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. అప్పటి చట్టం ప్రకారం బాండ్ కొనడం నేరం కాదు. లిస్ట్‌లో పేరున్నంత మాత్రాన ఆ కంపెనీ తప్పు చేసినట్టూ కాదు. కానీ ఆ లిస్ట్‌లో రోడ్లు, ప్రాజెక్టులు కట్టేవాళ్లున్నారు, మందులు తయారుచేసేవాళ్లున్నారు, గనులు తవ్వేవాళ్లున్నారు. మనింట్లో నాన్న వేసుకునే బీపీ టాబ్లెట్ క్వాలిటీని చెక్ చేసేది ప్రభుత్వం. మనం రోజూ వెళ్లే ఫ్లైఓవర్ బిల్లు పాస్ చేసేది ప్రభుత్వం. చెక్ చేయాల్సినవాళ్లు ఎవరికి బాకీ ఉన్నారో తెలియకపోతే మనం దేన్ని నమ్మాలి?

భీష్ముడంతటివాడే

"మంచి నాయకుడైతే డబ్బు తీసుకున్నా లొంగడు కదా" అని అడగొచ్చు. దీనికి మహాభారతం దగ్గర జవాబుంది.

యుద్ధం మొదటి రోజు ధర్మరాజు కవచం విప్పేసి, కాలినడకన భీష్ముడి దగ్గరికి వెళ్లి దీవించమంటాడు. అప్పుడు భీష్ముడు చెప్పే కారణం గుండె పిండేస్తుంది. తాను కౌరవుల ధనానికి కట్టుబడిపోయానంటాడు. తర్వాత ద్రోణుడు, కృపుడు, శల్యుడు కూడా అదే మాట చెబుతారు.

ఆలోచించండి. భీష్ముడికి ఆశ ఉందా? తండ్రి కోసం రాజ్యాన్నే వదిలేసినవాడు. ఆయన్ని ఎవరూ లంచమిచ్చి కొనలేదు. తిన్న తిండి ఋణమే ఆయన్ని కట్టేసింది. నిండు సభలో ద్రౌపది సూటిగా ప్రశ్న అడిగితే, ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తేల్చకుండా వదిలేశాడు. ఆ ఋణం అంతటి మనిషితోనే అంత పని చేయించగలిగితే, ఐదేళ్లకోసారి ఎలక్షన్ ఖర్చు వెతుక్కునే మామూలు నాయకుడు తట్టుకుంటాడని ఏ నమ్మకంతో వదిలేస్తాం?

కృష్ణుడు ఏం చేశాడో చూడండి. రాయబారానికి హస్తినకు వెళ్తే దుర్యోధనుడు భోజనానికి పిలిచాడు. వచ్చిన పని పూర్తయ్యాకే దూత ఆతిథ్యం తీసుకుంటాడని చెప్పి, ఆయన విదురుడి ఇంటికి వెళ్లి తిన్నాడు. సాక్షాత్తూ పరమాత్మ. ఆ విందు తింటే ఆయన మనసు మారిపోతుందా? మారదు. అయినా తినలేదు. తీర్పు చెప్పాల్సిన చోట, రాయబారం నడపాల్సిన చోట ముందుగా ఋణం పెట్టుకోకూడదని చేసి చూపించాడు. ఇవాళ ఆఫీసుల్లో "కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్" అని మనకు ట్రైనింగ్ ఇచ్చేది దీని గురించే.

దాత భయం మాటేంటి?

బాండ్లను సమర్థించినవాళ్ల వాదన ఒకటుంది. పేరు బయటపడితే ఓడిన పార్టీకి ఇచ్చినవాడి మీద గెలిచిన పార్టీ పగబడుతుందని. ఆ భయం నిజమే, తీసిపారేయలేం. కానీ బాండ్లమ్మింది ప్రభుత్వ బ్యాంకే కదా. అధికారంలో ఉన్నవాళ్ల నుంచి దాతకు నిజంగా రక్షణ దొరికిందా? నాకైతే అలా అనిపించదు.

డబ్బు సంపాదించడం కూడా అధర్మం కాదు. పురుషార్థాల్లో అర్థం ఉంది. మనం లక్ష్మీదేవిని పూజిస్తాం. నా గొడవ సంపదతో కాదు. పేరు చెప్పకుండా పాలకుణ్ణి బాకీదారుగా చేసుకునే అధికారంతో.

ఇక మన ఇంటి గుమ్మం

స్కీమ్ పోయింది కానీ సమస్య పోలేదు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 95 లక్షల పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. ఆ డబ్బు ఎక్కడినుంచో రావాల్సిందే.

అందులో కొంత కవర్లో పెట్టుకుని మన గుమ్మం దాకా కూడా వస్తుంది. ఓటుకు నోటు మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు. "వాళ్లు దోచుకున్నదే కదా, తీసుకుంటే తప్పేంటి" అని చాలా ఇళ్లలో అంటారు. కాదనను, లేనివాడికి ఆ నోటు నాలుగు రోజుల సరుకులు. కానీ రేపు డ్రైనేజీ గురించి అడిగితే "నీకివ్వాల్సింది ఇచ్చాం కదమ్మా" అనే మాట వినాల్సొస్తుంది. అప్పుడు నోరు పెగలదు. సభలో భీష్ముడికి పట్టిన మౌనం ఇదే.

జీతం వచ్చే మనలాంటివాళ్లకు ఆ నోటు అవసరం కూడా లేదు. కాబట్టి అడిగే బాధ్యత ముందు మనది. వచ్చే ఎలక్షన్‌లో మీ నియోజకవర్గం అభ్యర్థుల అఫిడవిట్ ఎలక్షన్ కమిషన్ సైట్‌లో తెరిచి చదవండి. ఆస్తులు, కేసులు అన్నీ ఉంటాయి. 20,000 రూపాయలు దాటిన విరాళాల రిపోర్టులూ అక్కడే దొరుకుతాయి. పట్టుమని అరగంట పని. చదివాక ఇంట్లో అమ్మానాన్నలతో, ఆఫీస్ లంచ్ టేబుల్ దగ్గర ఒక్కసారి మాట్లాడండి.

నా ఫ్రెండ్‌కి కూడా ఇదే చెప్పాను. హస్తినలో విదురుడికి సైన్యం లేదు, ఖజానా లేదు. ఆయన మాట దుర్యోధనుడు వినలేదు కూడా. అయినా ఆ సభలో నోరు విప్పి అడిగిన కొద్దిమందిలో ఆయన ఒకడు. మనకు ఆయనకు లేనిది ఒకటుంది, ఓటు.

శ్రీకృష్ణార్పణమస్తు.